ఫ్లై ఫిషింగ్‌కి వెయిస్ట్ ప్యాక్: మెడకు మంచిదే, బెల్టు సరిగ్గా కడితే

బెంగళూరు నుంచి గంటల తరబడి కారు నడిపి, దిగీ దిగగానే కావేరి రాళ్ల మీద నిలబడి ఫ్లై ఫిషింగ్ (ఈకలు, దారంతో చేసిన పురుగులాంటి ఎర, అంటే ఫ్లై, విసిరి చేపలు పట్టడం) కోసం ఎనిమిదో నంబరు రాడ్, అంటే పెద్ద చేపలకి వాడే బరువైన గడ, ఊపితే నడుం ఊరుకోదు. పైగా ఫ్లై పెట్టెలు, ప్లయర్, నీళ్ల సీసా కుక్కిన వెస్ట్ (జేబులున్న చేతుల్లేని కోటు) వేసుకుంటే ఆ బరువంతా మెడ మీదా భుజాల మీదే పడుతుంది. స్లింగ్ బ్యాగుదీ అదే బాధ, కాకపోతే ఒక పక్కే. అందుకే నడుముకి కట్టుకునే ఐదు లీటర్ల సంచి, వెయిస్ట్ ప్యాక్, కొనమని మా సలహా.

కొనేముందు చూడాల్సింది జేబుల లెక్క కాదు, బెల్టు. వెనక అరచేయంత వెడల్పు, గట్టి ఫోమ్ ఉండాలి. తుంటి ఎముకల పై అంచు మీద ఆనేలా బిగించాలి. పొట్ట మీదకి ఎక్కితే ఊపిరాడదు. పిరుదుల మీదకి జారితే బరువు వెనక్కి లాగి నడుం వంపు పెరుగుతుంది, సాయంత్రానికి అక్కడే పోటు మొదలవుతుంది. షాపులోనే రెండు లీటర్ల నీళ్లు లోపల పెట్టి, చేయి ఊపి చూడండి. ప్యాక్ పక్కకి తిరిగిపోతుంటే వదిలేయండి. నీళ్ల సీసా ఎప్పుడూ మధ్యలో, వెన్నుకి ఆనుకునే ఉండాలి.

అసలు లాభం లైనుకి ఫ్లైని ముడి వేసేటప్పుడు. ప్యాక్‌ని ముందుకి తిప్పి, మూత పళ్లెంలా తెరిచి, మోచేతులు పక్కటెముకలకి ఆనించి ఫ్లైని ఛాతీ ఎత్తులో పట్టుకుంటే తల వంచాల్సిన పని తగ్గుతుంది. తిప్పడానికి వదులు చేసిన బెల్టుని మళ్లీ బిగించడం చాలామంది మర్చిపోతారు.

నడుం లోతు నీళ్లలో దిగేవాళ్లకి ఇది పనికిరాదు, జిప్ తడుస్తుంది. భుజానికి ఎత్తుకుంటే బరువు మళ్లీ మొదటికే వస్తుంది. అలాంటివాళ్లు ఛాతీకి కట్టుకునే, ఒక్క ఫ్లై పెట్టె పట్టే చెస్ట్ ప్యాక్ తీసుకోవాలి. వేడర్స్ (నీళ్లలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంటు) వేసుకుంటే, పడినప్పుడు లోపలికి నీళ్లు నిండకుండా ఆపే వేడింగ్ బెల్టు మాత్రం విడిగా ఉండి తీరాలి.

ఎంత మంచి ప్యాకైనా అతి కాస్టింగ్‌కి, అంటే లైను అతిగా విసరడానికి, మందు కాదు. ఫాల్స్ కాస్టులు (లైను నీళ్ల మీద వాలనీకుండా గాల్లోనే ముందుకీ వెనక్కీ ఊపడం) రెండు చాలు. వెనక లైను చూసే అలవాటుంటే రాడ్ పక్క కాలు అడుగు వెనక్కి వేయండి, మెడ అంతగా తిప్పక్కర్లేదు. మహసీర్ పడితే ప్యాక్ వెనక్కి తిప్పి, మోకాలు ఆనించి, చేపని నీళ్లలోనే ఉంచి గాలం తీసి వదలండి. కావేరిలోని మూపురం మహసీర్ అంతరించే అంచున ఉంది.

చేతిలోకి తిమ్మిరి దిగుతుంటే అది ప్యాక్ మారిస్తే పోయేది కాదు, ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి.