పాపం ఇచ్చే జీతం: మరణం శిక్షా, పర్యవసానమా?

"పాపమువలన వచ్చు జీతము మరణము." భూస్థాపన కూడికలో, పౌలు రాసిన రోమా పత్రికలోని (రోమీయులకు రాసిన లేఖలోని) ఈ మాట చదివితే, "జీతము" అన్నచోట మన చెవికి "శిక్ష" అనే వినబడుతుంది.

అలా వినడానికి పాత కారణమే ఉంది. ఆదాము పాపం చేయకపోతే చనిపోయేవాడే కాదని లాటిన్ సంఘ బోధకుడు అగస్టీను వాదించాడు. పాపంతో నిమిత్తం లేకుండా అతడు ఎలాగూ చనిపోయేవాడే అన్నవారిని 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో కూడిన బిషప్పుల సభ శపించింది. "నిశ్చయముగా చచ్చెదవు" అని దేవుడు ముందే చెప్పాడు కదా! చిక్కల్లా ఒక్కటే. శిక్షను క్రీస్తు భరించేస్తే విశ్వాసి ఎందుకు చనిపోవాలి? 1563 నాటి ప్రొటెస్టంట్ బోధనా పుస్తకం హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి ఈ ప్రశ్నే వేసుకుని, మన మరణం పాపాలకు చెల్లింపు కాదు, నిత్యజీవంలోకి ప్రవేశం అని చెప్పింది. అంటే విశ్వాసి మరణశయ్య దగ్గరికి వచ్చేసరికి, మరణం శిక్షే అనే ఆ పక్షంవారే శిక్ష అన్న మాటను పక్కన పెట్టారు.

గ్రీకు మాట్లాడే తూర్పు సంఘాల ఆలోచన వేరు: మరణం పాపానికి పర్యవసానం. శూన్యం నుంచి పుట్టిన మనిషి స్వభావంచేత నశించేవాడేనని, దేవుణ్ణి అంటిపెట్టుకున్నంత కాలమే నిలవగలడని 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాశాడు. నరికిన కొమ్మ ఎండినట్లన్నమాట. ఎండడం ఎవరూ వేసిన శిక్ష కాదు. అంతకుముందే 2వ శతాబ్దంలో బిషప్పు ఇరేనియస్ మరో అడుగు వేశాడు: ఆదామును జీవవృక్షానికి దూరం చేయడం కనికరమే, లేకుంటే పాపానికి అంతే ఉండేది కాదని.

తర్జుమా కూడా కొంత పని చేసింది. రోమా 5:12ను "అతనిలో అందరూ పాపం చేశారు" అని అర్థమయ్యేలా అగస్టీను చదివిన లాటిన్ పాఠం పలికింది. మన తెలుగు బైబిలులో "మనుష్యులందరు పాపము చేసినందున" అని ఉంది. అగస్టీను ఇది చదివి ఉంటే ఏమనేవాడో!

నాకు రెండోదే, అంటే పర్యవసానమన్న మాటే మేలనిపిస్తుంది. రోమా 6లో పౌలు మాట్లాడేది దాసుల గురించి. అక్కడ పాపమే యజమాని. జీతం ఇచ్చేది ఆ యజమానే. దేవుడిచ్చేది "కృపావరము". పసిబిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో "ఏ పాపం చేశారో" అనే నోళ్లకు ఈ తేడా తెలియాలి. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది ఇతరులకంటే అపరాధులా అన్నదానికి యేసు కారనే చెప్పాడు.

అయితే ఆ వెంటనే, మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారనీ అన్నాడు. మొదటి పక్షంవారు పట్టుకునేది ఆ వాక్యాన్నే. దాన్ని నేను దాటవేయలేను.