సమన్లు: చేతికి వస్తే మేలా, తపాలాలో వస్తే మేలా?

తిరుపతి కోర్టులో మీ మీద సివిల్ దావా పడితే సమన్లు ప్రాసెస్ సర్వర్ (కోర్టు కాగితాలు అందించే ఉద్యోగి) చేతి మీదుగా రావచ్చు, తపాలాలోనూ రావచ్చు. నా మొగ్గు మొదటిదానికే. మనిషి ఎదురుగా ఉంటాడు కాబట్టి దావా ప్రతి జత చేశారా, వాయిదా ఎప్పుడు అన్నది అక్కడే చూసుకుని సంతకం పెట్టవచ్చు. సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టేనని కొందరి భయం. అది కాగితం అందిందనడానికి రసీదు, అంతే. మీరు ఊళ్లో లేక, ఇప్పట్లో దొరికే సూచనా లేకపోతే ఇంట్లో వయసు వచ్చిన కుటుంబ సభ్యులకు ఇవ్వవచ్చు. పనిమనిషికి ఇస్తే చెల్లదు. తీసుకోనని మొండికేస్తే ప్రాసెస్ సర్వర్ వాటిని వీధి తలుపుకు అంటించి, ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో రాసి కోర్టుకు పంపుతాడు.

తపాలా దూరాన ఉన్నవారికి సులువు. కానీ ‘తీసుకోనన్నారు’ అన్న పోస్ట్‌మాన్ రాతతో కవరు తిరిగి వెళితే, సమన్లు అందినట్టే కోర్టు ప్రకటిస్తుంది.

ఎలా అందినా 30 రోజుల్లో జవాబు దావా (మీ వాదన రాతపూర్వకంగా) వేయాలి. కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు. వాయిదాకు వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ విచారణే, అంటే మీరు లేకుండానే కేసు నడుస్తుంది. వాట్సాప్‌లో వచ్చి డబ్బు కట్టమనే ‘సమన్ల’ను మాత్రం నమ్మకండి, కేసు నంబరును కోర్టుల అధికారిక వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో సరిచూసుకోండి.