పాత చెట్టును మొదలంటా తీయాలా, నరికి వదిలేయాలా?

కోనసీమలో మా పెరడు పది సెంట్లు ఉంటుంది. అందులో మూడు ముసలి కొబ్బరి చెట్లు, ఒక మామిడి. కాపు తగ్గిపోయింది, కొత్త మొక్కలు పెడదామనుకున్నాం. "మొద్దు తీయక్కర్లేదండి, నాలుగేళ్లలో అదే మట్టైపోద్ది" అన్నాడు చెట్లు కొట్టే మనిషి. ఖర్చు తగ్గుతుంది కదా అని సరేనన్నాను. మొదటి కొబ్బరి మొద్దు అలాగే ఉండిపోయింది.

కుళ్ళుతున్న కొబ్బరి మొద్దు కన్నా మంచి పురిటిల్లు కొమ్ము పురుగుకు (తల మీద కొమ్ముండే నల్లటి పెంకు పురుగు) దొరకదు. గుడ్లు అందులో పెడుతుంది, ఎదిగిన పురుగు వెళ్ళి పక్క చెట్ల మొవ్వు, అంటే తల నడిమి లేత చిగురు, తొలుస్తుంది. ఆకు విచ్చుకున్నాక చూస్తే ఎవరో కత్తెర పెట్టి కత్తిరించినట్టు ఉంటుంది. పెద్ద చెట్టు తట్టుకుంటుంది కానీ లేత మొక్కకు మొవ్వు పోతే ఇక అంతే. నేను పెట్టిన మొక్క అలాగే పోయింది. మొద్దు తవ్వితే లోపల బొటనవేలంత తెల్లటి పురుగులు!

అందుకే మిగతా రెండూ మొదలంటా తీయించాను. కొబ్బరికి తల్లివేరు ఉండదు, తాళ్ళలాంటి పీచువేళ్ళే. మాను నిలబడి ఉండగానే చుట్టూ తవ్వి వేళ్ళు కోసి, పైన మోకు కట్టి లాగితే ఆ బరువుకే మొదలు లేచి వస్తుంది. ముందే మాను కోసేస్తే మొద్దును గునపాలతో పెకలించాలి, రెట్టింపు చాకిరీ. ఇది పడడానికి చోటున్న చెట్టు సంగతి. ఇంటి మీదికి వాలిందైతే మనిషి ఎక్కి పైనుంచి ముక్కలుగా కోసుకు రావాల్సిందే, ఆ రెట్టింపు చాకిరీ తప్పదు.

మొదట్లోంచి ఎర్రటి బంక కారుతుంటే అది గానోడెర్మా అనే శిలీంధ్రం తెచ్చే తెగులు కావచ్చు. అప్పుడు బేరాల్లేవు. మొద్దు, వేళ్ళు ఏరి కాల్చేయాలి. కొత్త మొక్కను ఆ గోతిలో కాకుండా దూరంగా పెట్టాలి.

జేసీబీ మాటేమిటంటారా? ఖాళీ స్థలంలో ఏడెనిమిది చెట్లుంటే దాన్ని మించింది లేదు, ఒక్క పూటలో పని అయిపోతుంది. ఇళ్ళ మధ్య పెరట్లో మాత్రం నేను వద్దంటాను. లోపలికి రావాలంటే గోడ పడగొట్టాలి, చక్రాల కింద నేల గట్టిపడుతుంది, అడుగు మట్టి పైకొస్తుంది. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో డ్రైవరుకు తెలియదు. ఆ టెన్షన్ ఎందుకు?

మామిడి లెక్క వేరు. కాపు తగ్గిందని దాన్ని నరికేయడం తొందరపాటు. మాను గట్టిగా ఉంటే కొమ్మలను పన్నెండు పదిహేను అడుగుల ఎత్తులో కోసి, కోసినచోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తే చిగుళ్ళు గుంపులుగా వస్తాయి. బయటివైపు పెరిగేవి కొమ్మకు నాలుగైదు ఉంచి మిగతావి తీసేయాలి. రెండు మూడేళ్ళలో మళ్ళీ కాస్తుంది. అంటు మొక్క పెట్టినా చెప్పుకోదగ్గ కాపుకు అంతకన్నా ఎక్కువే ఆగాలి. మాను డొల్లయితే మాత్రం కొట్టేయడమే నయం. అడితి వాళ్ళకిస్తే కలప కోసం వాళ్ళే కొట్టుకుపోతారు, మొద్దు మనకు మిగులుస్తారు. కొత్త మొక్కను పదడుగులు పక్కకు జరిపి పెట్టుకుంటే మామిడి మొద్దు కొన్నాళ్ళున్నా పెద్ద నష్టం లేదు, చెదలు పట్టకుండా కనిపెట్టుకుంటే చాలు.

అన్నట్టు, సొంత పెరడే కదా అని గొడ్డలి పట్టేయకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. కొన్ని రకాలకు మినహాయింపు ఉంది, మీ చెట్టు అందులో ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

పని వేసవిలో పెట్టుకోండి. మీటరు పొడవు, వెడల్పు, లోతున గోతులు తీసి మే నెలంతా ఎండబెడితే, తొలకరికి పశువుల ఎరువు కలిపి పూడ్చి మొక్క పెట్టుకోవచ్చు. ఆ ఎరువు మాత్రం బాగా మాగినదై ఉండాలి. పచ్చి పెంటలో కూడా కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది.