డిక్కీ లేని కారుతో అయిదేళ్లు

2020 దసరాకి తీసుకున్న మా వ్యాగన్ ఆర్ సీఎన్‌జీ మొన్న 98 వేల కిలోమీటర్లు దాటింది. సీట్లు, ఎత్తు, ఏసీ సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను. నేను చెప్పేది డిక్కీ నిండా పడుకున్న సిలిండర్ గురించి. డబ్బు మిగిల్చిందీ అదే, పరువు తీసిందీ అదే.

మొదటి ఏడాది కనిపించిన ప్రతివాళ్లకీ కిలో గ్యాస్‌కి 32 కిలోమీటర్లు ఇస్తుందని చెప్పేవాణ్ణి. అది కంపెనీ చెప్పిన 32.52. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ వెళ్లొచ్చే నాకు వచ్చింది మాత్రం 28. అప్పట్లో ఆ తేడా ఎవరికీ చెప్పలేదు.

ఇక పరువు సంగతి. 2023 నవంబరులో ఒంగోల్లో మా బావమరిది పెళ్లి. చిలకలూరిపేట దగ్గర బంకులో అరగంట లైన్లో ఉన్నాం. గ్యాస్ పట్టేటప్పుడు బండిలో ఎవరూ ఉండకూడదు కదా, పట్టుచీరల్లో అమ్మా, మా ఆవిడా, పిల్లలూ దిగి ఎండలో నిలబడ్డారు. డిక్కీ లేదు కాబట్టి సంచులన్నీ వాళ్ల చేతుల్లోనే. బంకు కుర్రాడు పైపు పెట్టబోయి, అక్కడున్న ప్లేటు మీద తేదీ చూసి ఆగిపోయాడు.

"టెస్ట్ డేట్ అయిపోయింది సార్. పట్టను."

సిలిండర్‌ని మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటే నీళ్ల ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష, చేయించాలని నాకు తెలుసు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ గుర్తుంటాయి, ఇది గుర్తులేదు, అంతే. తప్పు నాదే. "పెళ్లికి వెళ్తున్నాం తమ్ముడూ" అని బతిమాలాను. "ఏదన్నా అయితే పక్కన నేనే కదా సార్ ఉండేది" అన్నాడు. ఏం చెప్తాం? పెట్రోలు కొట్టించుకుని బయల్దేరాం. మా ఆవిడ ఒంగోలు దాకా నావంక చూడలేదు.

తిరిగొచ్చాక సిలిండర్ విప్పించి టెస్ట్‌కి ఇచ్చాను. ఈలోగా, టెస్ట్ లేకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒకాయన ఫోన్ చేశాడు. 200 బార్ల ఒత్తిడితో ఉండే సిలిండర్‌కి ముందున్న సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆ పని చేయబుద్ధి కాలేదు. రెండు రోజుల్లో ఇస్తామన్నది ఎనిమిది రోజులైంది.

అసలు విషయం ఆ ఎనిమిది రోజుల్లోనే తెలిసింది. పెట్రోలు మీద ఈ బండి ఇంత హుషారుగా లాగుతుందని మర్చిపోయాను. నలుగురితో ఫ్లైఓవర్ ఎక్కినా గేరు దించాల్సిన పని పడలేదు. డిక్కీలో పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టి, దాన్ని చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డాను.

అయితే ఖర్చు? పెట్రోలు అప్పట్లో లీటరు 110, మైలేజీ 18. రోజూ 70 కిలోమీటర్లకి దాదాపు 430 రూపాయలు. అదే గ్యాస్, కిలో 90 వేసుకున్నా 225. రోజుకి రెండొందల తేడా! పెట్రోలు మోడల్ కన్నా నేను అదనంగా పెట్టింది దాదాపు 80 వేలు. ఈ రేట్ల ప్రకారం అది 28 వేల కిలోమీటర్లకి వెనక్కి వస్తుంది. నాకైతే ఏడాదిన్నర పని. ఆదివారాలు గుడికీ, షాపింగ్‌కీ మాత్రమే తీసేవాళ్లకి అయిదారేళ్లు పట్టొచ్చు. పైగా బంకు లైన్లో పోయే టైముకి, టెస్ట్ ఖర్చుకి నేను లెక్క కట్టలేదు. నా మాట విని ఇదే కొన్న కొలీగ్ ఇల్లు ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు. ఇప్పుడు లిఫ్ట్‌లో కనిపిస్తే వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం.

ఇంకోటి కూడా చెప్పాలి. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు కార్లని ఢీకొట్టించి చూసే పరీక్షలో వ్యాగన్ ఆర్‌కి పెద్దల భద్రతలో అయిదుకి ఒక్క స్టారే వచ్చింది. అప్పటినుంచి హైదరాబాద్ వెళ్లాలంటే మాకు రైలే.

మా తమ్ముడు ఈమధ్య సలహా అడిగితే ముందు రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావని అడిగాను. టాటా వాళ్లు 2023 నుంచి రెండు చిన్న సిలిండర్లు అడుగున సర్ది డిక్కీలో చోటు మిగులుస్తున్నారు, అదీ ఒకసారి చూడమన్నాను. నేను నడపలేదు కాబట్టి అంతకుమించి చెప్పలేదు. నాకు మాత్రం విజయవాడలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇదే. గుంటూరుకి ట్రాన్స్‌ఫర్ అయితే మర్నాడే అమ్మేస్తానేమో. ఆ బియ్యం బస్తా ఇంకా కళ్లముందే ఉంది.