వర్చువల్ పీసీ: మైక్రోసాఫ్ట్ కొన్న పనిముట్టు, ఆ కొనుగోలు వెనుక లెక్క

కాలిఫోర్నియాలోని శాన్ మాటియోలో పనిచేసిన కనెక్టిక్స్ సంస్థ నుంచి వర్చువల్ మెషీన్ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే మరో కంప్యూటర్) సాంకేతికతను మైక్రోసాఫ్ట్ 2003 ఫిబ్రవరిలో కొనుగోలు చేసింది. మ్యాక్ కోసం ఒకటి, విండోస్ కోసం ఒకటిగా ఉన్న వర్చువల్ పీసీతో పాటు, సర్వర్ల కోసం ఉద్దేశించిన, అప్పటికి విడుదల కాని వర్చువల్ సర్వర్ కూడా ఆ ఒప్పందంలో దాని చేతికి వచ్చింది. తర్వాత మైక్రోసాఫ్ట్ పేరుతో వెలువడిన వర్చువల్ పీసీ 2004, 2007 వెర్షన్లను కేవలం వాడుకరిగా చూస్తే నేను మధ్యస్థమైన మార్కులే వేస్తాను. అయితే వాటిని అలా ఎందుకు తీర్చిదిద్దారో ఆలోచిస్తే, వాటిలోని మంచీ చెడూ రెండూ ఒకే వ్యాపార నిర్ణయం నుంచి పుట్టినవని నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు మంచి గురించి చెప్పాలి. ఇన్‌స్టాల్ చేయడం ఎంతో తేలిక. కొత్త వర్చువల్ మెషీన్ తయారు చేయడానికి నాలుగైదు ప్రశ్నలకు జవాబిస్తే చాలు. నడుస్తున్న యంత్రాన్ని ఉన్నదున్నట్టు నిలిపి, తర్వాత అక్కడి నుంచే కొనసాగించవచ్చు. అన్‌డూ డిస్క్ పెట్టుకుంటే, చేసిన మార్పులు నచ్చనప్పుడు వాటిని పూర్తిగా వదిలేయవచ్చు. నెట్‌వర్క్ కోర్సు చదివే విద్యార్థికి ఒకే కంప్యూటర్ మీద ఒక డొమైన్ కంట్రోలర్‌నూ (నెట్‌వర్క్‌లో లాగిన్‌లను చూసుకునే సర్వర్) దానికి అనుసంధానమయ్యే రెండు క్లయింట్ కంప్యూటర్లనూ నిలబెట్టి సాధన చేసే అవకాశం దొరకడం చిన్న విషయం కాదు. లోపల కనిపించే హార్డ్‌వేర్ పాత, అందరికీ తెలిసిన రకం: ఎస్3 ట్రయో గ్రాఫిక్స్ కార్డు, సౌండ్ బ్లాస్టర్ 16, ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్. అందువల్ల డాస్, విండోస్ 98, విండోస్ ఎన్‌టీ 4.0 వంటి పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లు డ్రైవర్ల కోసం వెతుకులాట లేకుండా లేచి నిలబడతాయి.

లోపాలు కూడా తక్కువేమీ కాదు. గెస్ట్ సిస్టమ్‌కు, అంటే వర్చువల్ మెషీన్ లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఒకే ప్రాసెసర్ దక్కుతుంది, యూఎస్‌బీ పరికరాలు అందవు. 2007 వెర్షన్ 64 బిట్ విండోస్ మీద నడుస్తుంది గానీ దాని లోపల 64 బిట్ సిస్టమ్‌ను నడపలేదు. అదే కాలంలో పోటీ సంస్థ వీఎమ్‌వేర్ అందించిన వర్క్‌స్టేషన్ ఈ విషయాలన్నిటిలో ముందుండేది.

మరి అంత పెద్ద సంస్థ ఈ వెలితిని ఎందుకు పూడ్చలేదు? మైక్రోసాఫ్ట్‌కు కావలసింది ఆ ఉత్పత్తి అమ్మకాల లాభం కాదు కాబట్టి, అన్నదే నా అభిప్రాయం. ఆ రోజుల్లో చాలా కార్యాలయాల్లో ఎన్‌టీ 4.0 సర్వర్లు ఇంకా నడుస్తుండేవి, దానికి మద్దతు 2004 చివరితో ముగియబోతోంది. పాత అప్లికేషన్ కొత్త సిస్టమ్ మీద నడవదన్న భయంతో ఆగిపోయిన సంస్థకు, ఆ పాత సర్వర్‌ను యథాతథంగా విండోస్ సర్వర్ 2003 మీద ఒక వర్చువల్ మెషీన్‌గా ఉంచుకోవచ్చని చెప్పగలిగితే కొత్త లైసెన్స్ అమ్ముడవుతుంది. ఇంకో కారణం దీనికంటే లోతైనది: హార్డ్‌వేర్‌కూ విండోస్‌కూ మధ్య వీఎమ్‌వేర్ పరుస్తున్న పొర స్థిరపడితే, యంత్రం మీద మొదటి హక్కు విండోస్‌ది కాకుండా పోతుంది. ఆ పొర తన దగ్గర కూడా ఉండాలని మైక్రోసాఫ్ట్ కోరుకోవడం సహజం. 2003 డిసెంబరులో డేటా నిల్వ పరికరాల సంస్థ ఈఎంసీ వీఎమ్‌వేర్‌ను సుమారు 63.5 కోట్ల డాలర్లకు కొనడానికి సిద్ధపడటాన్ని బట్టి, ఆ పొర విలువను గుర్తించింది మైక్రోసాఫ్ట్ ఒక్కటే కాదని తెలుస్తుంది.

ధరలు చూసినా ఈ లెక్క తేటపడుతుంది. 129 డాలర్లకు అమ్మిన వర్చువల్ పీసీ 2004ను 2006 జూలైలో ఉచితం చేశారు. అంతకు కొద్ది నెలల ముందే వర్చువల్ సర్వర్ 2005 ఆర్2ను కూడా అలాగే ఇచ్చేశారు. మరోవైపు విండోస్ సర్వర్ 2003 ఆర్2 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ లైసెన్స్‌తో నాలుగు వర్చువల్ విండోస్‌లను నడుపుకోనిచ్చారు. డబ్బు వచ్చే చోటు ఎప్పుడూ విండోస్ లైసెన్సే.

ఈ వ్యూహంలో నష్టపోయిన వాళ్ల గురించి చెప్పకపోతే సమీక్ష న్యాయంగా ఉండదు. కనెక్టిక్స్ చేతిలో ఉన్నప్పుడు విండోస్‌కు పోటీ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌కు లభించిన అధికారిక మద్దతు వర్చువల్ పీసీ 2004లో లేకుండా పోయింది. సర్వర్ వైపు మాత్రం 2006లో, వాడుకరుల అవసరం గట్టిగా కనిపించాక, లినక్స్‌ను చేర్చారు. మ్యాక్ వాడేవారి పరిస్థితి ఇంకా బాధాకరం. 1997 నుంచి వాళ్లు నమ్ముకున్న ఉత్పత్తి, యాపిల్ ఇంటెల్ ప్రాసెసర్లకు మారిన తర్వాత, కొత్త వెర్షన్ రాదని 2006 ఆగస్టులో ప్రకటించడంతో ఆగిపోయింది. అసలు ఆ సాంకేతికత పుట్టిందే మ్యాక్ కోసం కాబట్టి ఈ నిర్ణయం నాకు ఇప్పటికీ రుచించదు.

2008లో మైక్రోసాఫ్ట్ కొత్త వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ హైపర్-వి వచ్చాక సర్వర్లలో వర్చువల్ సర్వర్ అవసరం తీరింది. డెస్క్‌టాప్‌లో వర్చువల్ పీసీ విండోస్ 7లో పాత ఎక్స్‌పీ ప్రోగ్రాములను నడిపే ఎక్స్‌పీ మోడ్‌గా మరికొంత కాలం బతికింది. కనెక్టిక్స్ నుంచి వచ్చిన వీహెచ్‌డీ ఫైల్ రూపం (వర్చువల్ మెషీన్ హార్డ్ డిస్కును ఒక ఫైల్‌గా దాచే పద్ధతి) మాత్రం మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజూర్‌లోకీ చేరింది. అందుకే పాత వర్చువల్ పీసీ డిస్కులు ఇంకా దాచుకున్నవారు నిరాశపడక్కర్లేదు. విండోస్ 10 లేదా 11 ప్రొఫెషనల్‌లోని హైపర్-వి వాటిని తెరుస్తుంది. అయితే ముందుగా పాత వర్చువల్ పీసీలోనే గెస్ట్‌ను తెరిచి వర్చువల్ మెషీన్ అడిషన్స్‌ను (గెస్ట్ లోపల వేసే వర్చువల్ పీసీ సహాయక సాఫ్ట్‌వేర్) తీసివేయాలి, తర్వాత దాన్ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, అన్‌డూ డిస్కులుంటే వాటిని అసలు డిస్కులో కలిపేయాలి. మధ్యలో నిలిపి ఉంచిన సేవ్డ్ స్టేట్ ఫైళ్లు హైపర్-విలో పనికిరావు.