షనెల్ మిల్లర్ గొంతులో ‘నో మై నేమ్’: ఒక ఆడియో పుస్తక సమీక్ష

సన్నీవేల్ నుంచి రెడ్‌వుడ్ సిటీలోని ఆఫీసుకు వెళ్ళివచ్చే దారిలో, రోజుకు గంటన్నర చొప్పున, రెండు వారాలపాటు ఈ ఆడియో పుస్తకం విన్నాను. 101 హైవే మీద ఆ దారిన పోయేవారికి మధ్యలో మిల్లర్ సొంత ఊరు పాలో ఆల్టో వస్తుంది కనుక, చెవిలో వినిపిస్తున్న ఊరూ కిటికీలోంచి కనిపిస్తున్న ఊరూ ఒకటే కావడం మొదటి రెండు రోజులు నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. రచయిత్రి తనపై జరిగిన లైంగిక దాడి గురించి రాసిన ఈ ఆత్మకథ (పేరుకు అర్థం ‘నా పేరు తెలుసుకోండి’) 2019 సెప్టెంబరులో వచ్చింది, ఆ ఏడాదికి ఆత్మకథల విభాగంలో నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ పురస్కారం అందుకుంది. సుమారు పదిహేను గంటల ఈ ఆడియోను రచయిత్రి షనెల్ మిల్లర్ స్వయంగా చదివారు. అచ్చు ప్రతి కొనాలా, ఆడియో కొనాలా అని అడిగేవారికి నా జవాబు ఆడియోయే. కారణం చివర్లో చెబుతాను.

కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2015 జనవరి 17 రాత్రి, 22 ఏళ్ళ మిల్లర్ తన చెల్లెలితో కలిసి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో ఒక ఫ్రటర్నిటీ (మగ విద్యార్థుల సంఘం) పార్టీకి వెళ్ళారు. అర్ధరాత్రి దాటాక, స్పృహ లేని స్థితిలో చెత్త డబ్బా వెనక నేల మీద పడి ఉన్న ఆమెపై లైంగిక దాడి చేస్తున్న 19 ఏళ్ళ ఈత క్రీడాకారుడు బ్రాక్ టర్నర్‌ను, సైకిళ్ళ మీద అటుగా వెళుతున్న ఇద్దరు స్వీడన్ విద్యార్థులు చూసి, వెంటబడి పట్టుకున్నారు. 2016 మార్చిలో జ్యూరీ మూడు నేరాలూ రుజువయ్యాయని తేల్చింది. చట్టప్రకారం 14 ఏళ్ళదాకా శిక్ష వేయవచ్చు, ప్రాసిక్యూషన్ ఆరేళ్ళు అడిగింది. జూన్ 2న జడ్జి ఏరన్ పెర్స్కీ వేసింది ఆరు నెలల కౌంటీ జైలు, మూడేళ్ళ ప్రొబేషన్ (జైలు బయట నిఘాలో ఉండటం). సత్ప్రవర్తన కింద అందులో సగం పోయి, సెప్టెంబరు 2న టర్నర్ ఇంటికి వెళ్ళిపోయాడు. ప్రొబేషన్ కాక, జీవితాంతం లైంగిక నేరస్థుల జాబితాలో నమోదై ఉండాలన్న నిబంధన ఒక్కటే మిగిలింది.

ఈ వివరాలన్నీ పత్రికల్లో వచ్చినవే. పుస్తకం కొత్తగా ఇచ్చేది వాటి వెనక జరిగిన లెక్క. శిక్ష వేసే రోజున కోర్టులో ఎవరి నష్టాన్ని ఏ తక్కెడలో తూచారో మిల్లర్ చాలా ఓపికగా చూపిస్తారు. టర్నర్‌కు పోయినవాటికి పేర్లున్నాయి: స్కాలర్‌షిప్, ఒలింపిక్స్ ఆశ, స్టాన్‌ఫర్డ్ సీటు. కొడుకుకు ఇష్టమైన మాంసం ముక్క కూడా ఇప్పుడు సహించడం లేదని తండ్రి జడ్జికి ఉత్తరం రాశారు. ఇరవై నిమిషాల పనికి ఇంత మూల్యమా అన్న అర్థం వచ్చే మాటా అందులోదే. జైలు ఆ కుర్రవాడి మీద తీవ్ర ప్రభావం చూపుతుందని జడ్జి అన్నారు. మిల్లర్ వదులుకున్న ఉద్యోగానికీ, దీపం ఆర్పి పడుకోలేని రాత్రులకూ, తన పట్టణంలోనే తలదించుకుని నడిచిన నెలలకూ ఆ పట్టికలో గడి లేదు. జడ్జి కూడా స్టాన్‌ఫర్డ్‌లోనే చదివి, అక్కడ లక్రాస్ అనే ఆట జట్టుకు కెప్టెన్‌గా ఉన్నవారు. లంచాలు, సిఫారసులు ఉన్నాయని ఎవరూ అనలేదు. 2016 డిసెంబరులో న్యాయమూర్తుల ప్రవర్తనను పరిశీలించే కమిషన్ కూడా తప్పేమీ లేదనే చెప్పింది. నన్ను కలవరపెట్టింది సరిగ్గా ఇదే. బోనులో తన పోలికలున్న యువకుడు కనిపించినప్పుడు దయ అడగకుండానే పుట్టుకొస్తుంది. ఆ పోలిక లేనివాడికి న్యాయవాది ఎంత వాదించినా అది పుట్టదు.

దగ్గరగా చూపించే చోట మిల్లర్‌ను మించినవారు తక్కువ. ఆసుపత్రిలో మెలకువ వచ్చేసరికి ఆమె జుట్టు నిండా పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు చిక్కుకుని ఉంటాయి. పరీక్షల మధ్యలో ఇద్దరు నర్సులూ ఆమే కలిసి, ఆరు చేతులతో, వాటిని ఒక్కొక్కటిగా దువ్వి తీసి కాగితం సంచిలో వేస్తారు, అది సాక్ష్యం. తనకేం జరిగిందో పూర్తి వివరం ఆమెకు తెలిసింది పోలీసుల దగ్గర కాదు, కొన్ని రోజుల తర్వాత ఆఫీసులో తన బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో వార్త చదువుతున్నప్పుడు. ఆ వార్త చివర నిందితుడు ఏ దూరాన్ని ఎన్ని సెకన్లలో ఈదుతాడో రాసి ఉంది. ఈ భాగం వింటూ నేను తిరగవలసిన ఎగ్జిట్ దాటిపోయాను.

మధ్య భాగం గురించి ఫిర్యాదు ఒకటి చెప్పాలి. రోడ్ ఐలండ్‌లో ప్రింట్‌మేకింగ్ (అచ్చులతో బొమ్మలు ముద్రించే కళ) నేర్చుకోవడం, ఫిలడెల్ఫియాలో స్టాండప్ కామెడీ వేదికలెక్కడం, వీధిలో వెంటబడే మగవాళ్ళు – ఇదంతా సాగదీసినట్టు అనిపించింది. వాయిదా పడుతూ వస్తున్న విచారణ కోసం కాలం గడపడమే ఆ నెలల్లో ఆమె జీవితమని తరువాత అర్థమైంది కానీ, అయిదారు పోలికలు తీసేసినా నష్టం లేదు. ఇంకో లోటు కూడా ఉంది. 2018 జూన్ 5న సాంటా క్లారా కౌంటీ ఓటర్లు పెర్స్కీని పదవి నుంచి తొలగించారు. కాలిఫోర్నియాలో 1932 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. జడ్జీలు భయపడి అందరికీ శిక్షలు పెంచితే దెబ్బ తినేది పేద నల్లజాతి, లాటినో ముద్దాయిలేనని చాలామంది పబ్లిక్ డిఫెండర్లు (పేద ముద్దాయిల తరఫున వాదించే ప్రభుత్వ న్యాయవాదులు) అప్పుడు గట్టిగా వాదించారు. ఆ వాదన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు, దాని మీద రచయిత్రి ఇంకా విస్తారంగా రాసి ఉంటే బాగుండేదనిపించింది. ఆ రోజుల్లో మా కిరాణా దుకాణం బయట పెర్స్కీని తొలగించాలని సంతకాలు సేకరిస్తున్న ఒకావిడ నన్నూ ఆపింది. వీసా మీద ఉన్నాను, ఓటు లేదు అంటే నవ్వి, నీ స్నేహితులకు చెప్పు అని కాగితం చేతిలో పెట్టింది.

చెప్పాను కూడా. ఒక తెలుగువారి పాట్‌లక్‌లో (తలా ఒక వంట తెచ్చుకునే విందులో). ‘మంచి కుటుంబం పిల్లాడండీ, ఒక్క రాత్రితో కెరీర్ అంతా పోయింది’ అన్నారు ఐఐటీలో చదువుకున్న ఒక పెద్దాయన, టర్నర్ తల్లిదండ్రులను ఎప్పుడూ చూడకపోయినా. ఆ మాట మన ఊళ్ళలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మన చట్టంలోనూ అత్యాచారానికి కనీస శిక్షకన్నా తక్కువ వేయడానికి ‘తగిన, ప్రత్యేక కారణాలు’ అనే కిటికీ ఒకటి 2013 సవరణదాకా తెరిచే ఉండేది. శిక్ష నిర్ణయంలో నిందితుడి సామాజిక, ఆర్థిక స్థాయి లెక్కలోకి రాదని కృష్ణప్ప అనే అత్యాచారం కేసులో 2000లోనే సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చిందంటే, ఆ కిటికీలోంచి ఏమేం లోపలికి వచ్చేవో ఊహించుకోవచ్చు.

మిల్లర్‌పై దాడి జరిగిన చోట స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చిన్న తోట వేసి, అందులో మిల్లర్ మాటలతో ఫలకం పెడతానంది. ఆమె పంపిన వాక్యాలను కాదని, ‘నేను బాగానే ఉన్నాను’ అన్న భావం వచ్చే ముక్కను వారు సూచించారు. అది ఆ ఉదయం ఏడుస్తున్న చెల్లెలిని ఊరడించడానికి ఆమె ఆడిన అబద్ధం. ఆమె కోరిన మాటలకు వారు ఒప్పుకున్నది ఈ పుస్తకం వచ్చాకే.

ఇక ఆడియోయే ఎందుకంటే, 2016లో బాధితురాలిగా మిల్లర్ కోర్టులో చదివిన, ఆ వెంటనే ఇంటర్నెట్‌లో లక్షలాదిమంది చదివిన ఏడు వేలకు పైగా పదాల వాంగ్మూలం పుస్తకం చివర్లో ఉంది. అప్పుడు అది అసలు పేరు దాచి కోర్టు వాడిన మారుపేరు ‘ఎమిలీ డో’ రాసిన కాగితం, నేను ఫోన్‌లో చదివాను. ఇప్పుడు అవే మాటలు రాసిన మనిషి గొంతులో వినిపిస్తాయి. దానిని బండి నడుపుతూ వినవద్దు. నేను ఆఫీసు పార్కింగ్‌లో ఇంజిన్ ఆపి కూర్చుని విన్నాను, ఆ రోజు తొమ్మిదిన్నర మీటింగ్‌కు వెళ్ళలేదు.