నడుముకి కట్టుకునే కుక్క బెల్టు: 8 నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది కుక్కని నడిపించడం కోసం కొన్నది కాదు. ఫొటోల కోసం కొన్నాను.

మా గవ్వ 14 కిలోల నాటుకుక్క. ఒళ్ళంతా నలుపు, ఛాతీ మీద మాత్రం గవ్వంత తెల్లమచ్చ. రోజూ పొద్దున్న అయిదున్నరకి విశాఖ ఎంవీపీ కాలనీలో బయల్దేరి పెదజాలరిపేట ఒడ్డు దాకా వెళ్ళి వస్తాం. ఇదివరకు ఒక చేతిలో దాని తాడు, ఇంకో చేతిలో కెమెరా. పడవ పక్కన ఓ పెద్దాయన కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగు కుడుతుంటాడు. నేను కెమెరా ఎత్తుతాను, గవ్వ అటు లాగుతుంది. ఇంటికొచ్చి చూస్తే సగం పడవ, సగం ఆకాశం. బొటనవేలు లేదు. అలాంటివి ఓ వంద చెరిపేశాక ఆన్‌లైన్‌లో 849 రూపాయలు పెట్టి ఈ బెల్టు తెప్పించాను. కంపెనీ పేరు రాయను, ఎందుకో కింద తెలుస్తుంది.

నడుముకి రెండంగుళాల వెడల్పు పట్టీ, దాని మీద అటూ ఇటూ జారే ఉంగరం, ఉంగరానికి నాలుగడుగుల తాడు. తాడు మధ్యలో కాస్త సాగుతుంది. వెనక ఓ చిన్న జిప్పు సంచి ఉంది, కవర్లూ రెండు బిస్కెట్లూ పడతాయి. ఆ జారే ఉంగరమే దీంట్లో అసలు తెలివి. కుక్క ఎడమ నుంచి కుడికి వచ్చినా పట్టీ మెలిపడదు, చుడీదారు నలగదు.

నా కెమెరా రికో జీఆర్ 3. బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు, అరచేతిలో పట్టేస్తుంది. దాంట్లో ఫోకస్‌ని ఒక దూరానికి కట్టేసుకోవచ్చు. రెండు మీటర్లకి పెట్టి, లెన్సు కన్నం సన్నం చేసి ఎఫ్8లో ఉంచితే, మీటరు దూరంలో ఉన్న మనిషి నుంచి వెనకాల పడవల దాకా అన్నీ సరిపడా స్పష్టంగా పడతాయి. ఫోకస్ కోసం ఆగక్కర్లేదు, నొక్కడమే. షట్టర్ వేగం 500వ వంతు సెకను కంటే తగ్గనివ్వను, ఎందుకంటే లాగుడు ఎప్పుడొస్తుందో గవ్వకే తెలుసు. పొద్దుటి వెలుతురుకి ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా సున్నితత్వం, 1600 దాకా పోతుంది, పోనీ. గవ్వనే తీసేటప్పుడు మాత్రం ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) 0.7 తగ్గించాలి. లేకపోతే కెమెరా నలుపుని చూసి కంగారుపడి దాన్ని బూడిదరంగు కుక్కని చేసేస్తుంది.

బెల్టు వచ్చాక లాగుడు మణికట్టుకి కాకుండా నడుముకి తగులుతోంది. రెండు చేతులూ కెమెరా మీదే. ఫొటోలు వంకర పోవడం బాగా తగ్గింది. నేను ఊహించనిది ఇంకోటి జరిగింది. తాడు చేతిలో ఉన్నన్నాళ్ళూ గవ్వ ఆగితే "పద పద" అని లాగేసేదాన్ని. ఇప్పుడు అది ఆగితే నా నడుం ఆగిపోతుంది, చచ్చినట్టు నేనూ ఆగాలి. అది ఆగే చోట్లు నాకెప్పుడూ పట్టనివి. ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల పట్టా పక్కన నిలబడిపోయింది ఓ రోజు. వంగి చూస్తే పట్టా అంచున ఓ చిన్నపిల్ల చెప్పులు రెండు, గాలికి ఎగరకుండా బరువు పెట్టినవి. ఇంకో రోజు బోర్లించిన ఫైబర్ పడవ కింద ముక్కు దూర్చింది. లోపల మేకపిల్ల, ఒక్క చెవి మీదే ఎండ. నా గోడ మీద ఇప్పుడున్నది ఆ చెవే.

చేపల బుట్ట దించుకుంటూ ఒకావిడ అడిగింది: "ఏటమ్మా, నువ్వు దాన్ని తిప్పుతున్నావా, అది నిన్ను తిప్పుతందా?"

ఇక తిట్లు. మూడో నెలకే కొక్కెం లోపలి స్ప్రింగు తుప్పుపట్టి బిగిసిపోయింది. సముద్రం గాలికి ఇంట్లో గేటు బోల్టే ఆగదు, నిజమే. కానీ పెట్టె మీద "తుప్పు పట్టదు" అని రాశారు కదా! అమ్మినవాళ్ళకి రెండుసార్లు ఫొటోలతో సహా పంపాను, ఉలుకూ పలుకూ లేదు. చివరికి చెప్పులు కుట్టే ఆయన దగ్గర 70 రూపాయలకి ఇత్తడి కొక్కెం వేయించాను. అయిదు నెలలైంది, చెక్కుచెదరలేదు.

రెండోది ఇంకా పెద్దది. చేతిలో తాడైతే మరీ గుంజినప్పుడు వదిలేయొచ్చు. నడుముకి కట్టుకున్నది వదల్లేం. ఓ కోడిపుంజు ఎదురొచ్చిన రోజు నేను మోకాళ్ళ మీద పడ్డాను, కెమెరా ఇసుకలో దిగింది. ఆఫ్ చేస్తే లెన్సు లోపలికి పోయే కెమెరా కదా, ఇసుకతో అలాగే ఆఫ్ చేస్తే గింజలు లోపలికి పోతాయి. ఆన్‌లోనే ఉంచి, రబ్బరు బుడ్డితో ఊదుకుంటూ ఇంటికి నడిచాను. మోకాలు సంగతి తర్వాత చూసుకున్నా.

కాబట్టి లాబ్రడార్లూ జర్మన్ షెపర్డ్‌లూ ఉన్నవాళ్ళు దీని జోలికి పోకండి. రోడ్డు దాటేటప్పుడు నేను కూడా తాడుని చేత్తో పొట్టిగా పట్టుకుంటాను. చిన్న కుక్క, నెమ్మదైన దారి, చేతిలో కెమెరా ఉంటే 5కి మూడున్నర ఇస్తాను. కొక్కెం మార్పించుకుంటే నాలుగు.

సైజు మాత్రం బట్టల మీద నుంచి కొలుచుకుని, ఒకటి తగ్గించి తీసుకోండి. వదులైతే పొట్ట మీదకి ఎక్కేస్తుంది. నాది ఎక్కుతోంది, ఇంకో రెండు చిల్లులు పొడిపించాలి.